పానా మీది పేరు, పానా చేసిన చేయి: పాత మెకానిక్ పనిముట్ల సేకరణ, గుర్తింపు

వ్యాస సంగ్రహం: పందొమ్మిదో శతాబ్ది నడుమ నుంచి ఇరవయ్యో శతాబ్ది నడుమ వరకు అమెరికా, బ్రిటన్ దేశాలలో తయారైన మెకానిక్ చేతిపనిముట్లను, ముఖ్యంగా పానాలను, గుర్తించి కాలనిర్ణయం చేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. పనిముట్టుపై కనిపించే పేరు చాలా సందర్భాలలో తయారీదారు పేరు కాదు. దానిపై కనిపించే తేదీ కూడా చాలా సందర్భాలలో తయారైన తేదీ కాదు. పేరు, పేటెంటు గుర్తు, కొలత అంకె, లోహం, పూత అనే ఆధారాలను ఒకదానితో ఒకటి సరిచూసినప్పుడే నిర్ణయం నిలబడుతుందని ఇందులో ప్రతిపాదన.

కీలక పదాలు: పానా, రెంచి, పేటెంటు, విట్‌వర్త్ కొలత, డై పోత, వస్తు సంస్కృతి, కాలనిర్ణయం.

1. ఉపోద్ఘాతం

శాసనాన్ని చదివే పరిశోధకుడు రాతిని, లిపిని, భాషను, పేర్కొన్న రాజును విడివిడిగా పరిశీలించి, అవి పరస్పరం పొసగుతున్నాయో లేదో చూస్తాడు. ఒక్క లిపిని బట్టి గాని, ఒక్క రాజు పేరును బట్టి గాని కాలం తేల్చడు. యంత్రయుగపు పనిముట్ల విషయంలో ఈ జాగ్రత్త తరచూ లోపిస్తుంది. పాత సామాన్ల అంగడిలో దొరికిన పానాపై ఒక కంపెనీ పేరు, ఒక సంవత్సరం కనిపిస్తే చాలు, ఆ పేరే తయారీదారుగా, ఆ సంవత్సరమే పుట్టిన ఏడుగా సూచికలోకి ఎక్కుతాయి. ఆ సూచికను మరొకరు ఆధారంగా తీసుకుంటారు. ఇలా పొరపాటు ప్రదర్శనశాల చీటీ నుంచి పరిశోధన గ్రంథానికి చేరుతుంది.

పానా చిన్న వస్తువు. అయినా మార్చుకోదగిన విడిభాగాలు, ప్రామాణికమైన మరచుట్లు, పేటెంటు చట్టం, టోకు వర్తకం, యుద్ధకాలపు లోహ నియంత్రణ అన్నీ దాని శరీరంపై గుర్తులు వదిలాయి. వడ్రంగి బాడిసకు, కమ్మరి పట్టకారుకు వేల సంవత్సరాల చరిత్ర ఉంది. మెకానిక్ పానాకు రెండు వందల సంవత్సరాలు కూడా నిండుగా లేవు. నట్టు, బోల్టు ఒకే కొలతలో వేల సంఖ్యలో తయారైన తరువాతే దాని అవసరం విస్తరించింది. అందువల్ల దాని చరిత్రలో చాలా భాగం కాగితాలకెక్కింది. ఆ కాగితాలను వస్తువుతో ముడివేయడమే గుర్తింపు పని.

2. పేరు చెప్పేది, చెప్పనిది

పనిముట్టు మీద ఉండే పేర్లు కనీసం నాలుగు రకాలు. అవి తయారీదారు పేరు, అమ్మకందారు పేరు, ఆ పనిముట్టు ఏ యంత్రంతో పాటు వచ్చిందో ఆ యంత్రపు కంపెనీ పేరు, దానిని వాడిన మనిషి లేదా కార్ఖానా పేరు. వీటిలో మొదటిది ఒక్కటే తయారీని సూచిస్తుంది. అక్షరాల పరిమాణాన్ని చూసి ఏది ఏదో చెప్పలేం. తరచూ అమ్మినవాడి పేరు పెద్దగా, చేసినవాడి గుర్తు చిన్నగా ఉంటుంది.

అమెరికాలో సియర్స్ సంస్థ 1927లో నమోదు చేసుకున్న క్రాఫ్ట్స్‌మన్ అనే పేరు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ పేరుతో కోట్ల పనిముట్లు ఇళ్లకు చేరాయి గాని, సియర్స్ తయారీదారు కాదు, వర్తక సంస్థ. వేర్వేరు కాలాలలో వేర్వేరు కార్ఖానాలు దానికి సరఫరా చేశాయి. పేరు పక్కన ఉండే ఒకటి రెండు చిన్న అక్షరాలు ఆ సరఫరాదారు సంకేతాలు. ‘వి’ అనే అక్షరం మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మూర్ డ్రాప్ ఫోర్జింగ్ కంపెనీ పనికి గుర్తు. ఆ ఒక్క అక్షరాన్ని వదిలేసి నమోదు చేస్తే పనిముట్టుకు సంబంధించిన అసలు సమాచారమే పోతుంది. సెయింట్ లూయిస్ నగరపు సిమన్స్ హార్డ్‌వేర్ సంస్థ వాడిన ‘కీన్ కట్టర్’ అనే పేరు కూడా ఇలాంటిదే. అది టోకు వర్తకుడు తన సరుకంతటికీ తగిలించిన పేరు.

వాహనాలతో వచ్చిన పానాల సంగతి మరీ ఆసక్తికరం. ఫోర్డ్ కారుతో పాటు ఇచ్చిన సంచిలోని పానాలపై వంపు తిరిగిన ఫోర్డ్ చేతిరాత గుర్తు ఉంటుంది. వాటిలో చాలా వాటిని బయటి కార్ఖానాలు చేసి ఇచ్చాయి. పక్కనే ఉండే భాగసంఖ్య మాత్రం కాలనిర్ణయానికి పనికివస్తుంది. 1927 చివర వచ్చిన మోడల్ ఏ కారు పానాపై ‘ఏ-17017’ అనే సంఖ్య కనిపిస్తుంది. తరువాతి వాటిలో మూల సంఖ్య అదే ఉండి, ముందున్న సంకేతం మారుతుంది. ‘91ఏ’ అంటే 1939 నమూనా, ‘01ఏ’ అంటే 1940 నమూనా. అయితే ఆ సంకేతం చెప్పేది ఆ రూపకల్పన మొదట ఏ ఏటి కారుకు వాడారన్నదే. అదే భాగం తరువాతి సంవత్సరాలలోనూ అదే సంఖ్యతో తయారవుతూ ఉండవచ్చు. అంటే అది కాలానికి కింది హద్దు మాత్రమే.

ఇంటిపేరు కూడా మోసం చేయగలదు. వూస్టర్ నగరానికి చెందిన లోరింగ్ కోస్ 1841 ఏప్రిల్ 16న సర్దుబాటు రెంచిపై 2,054 సంఖ్య గల అమెరికా పేటెంటు పొందాడు. పిడి పట్టుకున్న చేతి బొటనవేలితోనే మరను తిప్పి దవడను జరిపే ఏర్పాటు దాని విశేషం. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో అదే నగరంలో అన్నదమ్ముల పేర్లతో రెండు కోస్ కంపెనీలు పక్కపక్కనే నడిచాయి. పొడి అక్షరం ‘ఎల్’ ఉందా, ‘ఎ.జి.’ ఉందా అని చూడకుండా ‘కోస్ రెంచి’ అని రాసుకుంటే రెండు సంస్థల చరిత్ర కలిసిపోతుంది.

పేరు మారడమే కాలనిర్ణయానికి సాయపడే సందర్భాలూ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో 1907లో మొదలైన ప్లాంబ్ టూల్ కంపెనీకి ఆ పేరు దాని స్థాపకులలో ఒకరి ఇంటిపేరు నుంచి వచ్చింది. ఫిలడెల్ఫియాలో గొడ్డళ్లు, సుత్తులు చేసే ఫేయెట్ ఆర్. ప్లమ్ సంస్థ తన పేరుతో ఇది గందరగోళపడుతోందని వ్యాజ్యం వేసింది. ఒక్క అచ్చు తేడా ఉన్న రెండు పేర్ల తగాదా అది. ఫలితంగా మొదటి సంస్థ 1948లో ‘ప్రోటో’ అనే కొత్త పేరును ప్రవేశపెట్టి, పాత పేరును క్రమంగా వదులుకుంది. కాబట్టి ప్లాంబ్ పేరున్న సాకెట్టుకు పై హద్దు, ప్రోటో పేరున్న సాకెట్టుకు కింది హద్దు ఈ వ్యాజ్యమే నిర్ణయించింది. వస్తువు కాలాన్ని న్యాయస్థానపు పత్రం తేల్చిన ఉదాహరణ ఇది.

3. పేటెంటు గుర్తు: మంగళవారపు పరీక్ష

సేకర్తలకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది పేటెంటు గుర్తు. ఎక్కువగా తప్పుదోవ పట్టించేది కూడా అదే. పేటెంటు తేదీ పనిముట్టు పుట్టిన తేదీ కాదు. ఆ తేదీకి ముందు ఆ గుర్తుతో అది పుట్టి ఉండదని మాత్రమే అది చెబుతుంది. 1861 చట్టం తరువాత అమెరికాలో పేటెంటు గడువు 17 ఏళ్లు. ఆ గడువంతా అదే తేదీ గల డై అచ్చు నుంచి పనిముట్లు వస్తూనే ఉంటాయి. అచ్చు మార్చడం ఖర్చుతో కూడిన పని కనుక గడువు ముగిశాక కూడా పాత తేదీ కొన్నాళ్లు నిలిచిన సందర్భాలున్నాయి.

అరిగిన అక్షరాలతో తేదీ సగమే కనిపించినప్పుడు ఒక చిన్న పరీక్ష ఎంతో ఉపయోగం. పందొమ్మిదో శతాబ్ది నడుమ నుంచి అమెరికా పేటెంట్లు మంగళవారం నాడే జారీ అవుతున్నాయి. పైపు రెంచికి మారుపేరుగా నిలిచిన డేనియల్ స్టిల్‌సన్ పేటెంటు తేదీ 1869 అక్టోబర్ 12, మంగళవారం. పైన చెప్పిన కోస్ పేటెంటు తేదీ శుక్రవారం. అది ఈ ఆనవాయితీ స్థిరపడకముందు కాలానిది. పానాపై చదివిన తేదీ మంగళవారం కాకపోతే ‘3’ని ‘8’గా గాని, ‘1’ని ‘7’గా గాని చదివి ఉండాలి. లేదా అది అమెరికా పేటెంటు కాకపోవచ్చు. పంచాంగం తిరగేసినంత సులభమైన ఈ పరీక్షను చాలా సూచికలు పట్టించుకోకపోవడం ఆశ్చర్యం.

రెండో ఆధారం చట్టంలోని మార్పు. 1927 వరకు వస్తువుపై పేటెంటు తేదీ వేస్తే సరిపోయేది. ఆ ఏటి చట్టం పేటెంటు సంఖ్యను వేయాలని నిర్దేశించింది. అందువల్ల తేదీ మాత్రమే ఉన్న పనిముట్లు సాధారణంగా అంతకు ముందువి, లేదా పాత అచ్చుతో కొనసాగినవి. సంఖ్య ఉన్నవి ఎక్కువగా ఆ తరువాతివి. సంఖ్యను బట్టి జారీ అయిన ఏడాదిని తేల్చడం కష్టం కాదు. 1900 సంవత్సరం 6,40,167తోను, 1910 సంవత్సరం 9,45,010తోను, 1920 సంవత్సరం 13,26,899తోను, 1930 సంవత్సరం 17,42,181తోను, 1940 సంవత్సరం 21,85,170తోను మొదలయ్యాయి. ఈ ఐదు సంఖ్యలు గుర్తుంటే దశాబ్దం వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డిజైన్ పేటెంట్లకు వేరే సంఖ్యా క్రమం ఉంది. సాధారణ పేటెంట్లలో లక్షవది 1870 నాటిది కాగా, డిజైన్ పేటెంట్లలో లక్షవది 1936 నాటిది. పానాపై ‘డిజైన్’ అనే మాట పొట్టి రూపం అరిగిపోయి సంఖ్య మాత్రమే మిగిలితే, 1930ల నాటి సరుకు 1870ల నాటి అపురూప వస్తువుగా మారిపోతుంది. ధర కూడా దానితోపాటే పెరుగుతుంది. లోహం, పూత అనే ఇతర ఆధారాలు ఇలాంటి చోటే కాపాడతాయి. 1870 నాటి పానాకు మెరిసే క్రోమియం పూత ఉండదు కదా.

బ్రిటిష్ పేటెంట్ల పద్ధతి వేరు. 1915 వరకు అక్కడ ప్రతి సంవత్సరం సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. అందుచేత ఏడాది లేకుండా సంఖ్య మాత్రమే ఉంటే దాని విలువ తక్కువ. 1916 నుంచి 1,00,001తో మొదలైన వరుస సంఖ్య కొనసాగింది. ఈ తేడా తెలియక బ్రిటిష్ సంఖ్యను అమెరికా పట్టికలో వెతకడం తరచూ జరిగే పొరపాటు.

‘పేటెంటు కోసం దరఖాస్తు చేశాం’ అనే అర్థమిచ్చే గుర్తు ఒక్కోసారి అన్నిటికన్నా కచ్చితమైన ఆధారం. దరఖాస్తుకు, జారీకి నడుమ ఉన్న కొద్ది సంవత్సరాలకు అది పనిముట్టు వయసును కుదించగలదు. కాని దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ పేటెంటు ఎక్కడా కనిపించదు. దొరకనంత మాత్రాన వెతకడంలో లోపం ఉందని అనుకోనక్కరలేదు.

పేటెంటు పత్రాలు కట్టుకథలను సరిచేయడానికీ ఉపకరిస్తాయి. ‘మంకీ రెంచి’ అనే పేరు మంకీ అనే ఇంటిపేరు గల అమెరికన్ మెకానిక్ 1850ల చివర దానిని కనిపెట్టడం వల్ల వచ్చిందని ఒక కథ. నల్లజాతి బాక్సింగ్ విజేత జాక్ జాన్సన్ దానిని కనిపెట్టగా, ఆయనను అవమానించడానికి ఆ పేరు పెట్టారని ఇంకో కథ. జాన్సన్ 1922 ఏప్రిల్ 18న, అదీ మంగళవారమే, ఒక రెంచిపై 14,13,121 సంఖ్య గల పేటెంటు పొందిన మాట నిజం. పై పట్టికతో సరిచూస్తే 1920, 1930 సంఖ్యల నడుమ అది సరిగ్గా ఇముడుతుంది. అయితే మంకీ రెంచి అనే మాట పందొమ్మిదో శతాబ్ది ఆరంభం నాటికే ఇంగ్లండులో వాడుకలో ఉంది. అంటే రెండు కథల కన్నా పేరే పాతది. జాన్సన్ సాధించినది గౌరవించదగినది. దానికి లేని పేరును అంటగట్టవలసిన పని లేదు.

4. కొలత అంకె ఏం కొలుస్తుంది?

పానా దవడ పక్కన ఉండే అంకె దవడ వెడల్పు అని నేటి మెకానిక్ అనుకోవడం సహజం. పాత పానాల విషయంలో అది తరచూ నిజం కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ బ్రిటిష్ సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు ఏకరూప మరచుట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. ఆ మరచుట్టు కోణం 55 డిగ్రీలు. ఆ సంప్రదాయంలో పానా మీది అంకె బోల్టు కాడ మందాన్ని చెబుతుంది, తల వెడల్పును కాదు. అందుకే ‘1/2 డబ్ల్యు’ అని ఉన్న పానా దవడ అర అంగుళం కాక 0.92 అంగుళం తెరుచుకుంటుంది. 1908లో వచ్చిన బ్రిటిష్ సన్న మరచుట్టు పద్ధతిలో అదే దవడ 9/16 బోల్టుకు సరిపోతుంది. కనుక ఒకే చివర రెండు అంకెలు కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో లోహం ఆదా చేయడానికి విట్‌వర్త్ బోల్టు తలలను ఒక మెట్టు తగ్గించారు. ఆ తరువాతి అర అంగుళం బోల్టుకు పాత ‘7/16 డబ్ల్యు’ పానా పట్టింది. అంకె ఒకటే, బోల్టు ఒకటే, పానా మాత్రం మారింది!

అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మరచుట్టును ప్రతిపాదించాడు. అక్కడ కూడా పాత పానాలపై బోల్టు కొలతే వేసేవారు. ఆ ప్రమాణం ప్రకారం అర అంగుళం బోల్టు నట్టు వెడల్పు 7/8 అంగుళం. మోటారు వాహనాల కోసం వచ్చిన ప్రమాణంలో అదే బోల్టుకు తల 3/4 అంగుళం. ఈ రెండిటి గందరగోళాన్ని తప్పించడానికే క్రమంగా దవడ వెడల్పునే వేసే అలవాటు స్థిరపడింది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడాలు ఉమ్మడి మరచుట్టుకు ఒప్పుకున్నాయి. బ్రిటిష్ పానాలపై ‘ఎ.ఎఫ్.’ అనే గుర్తు, అంటే తల ఎదురెదురు ముఖాల నడుమ దూరం అని, సాధారణంగా ఆ తరువాతి కాలాన్ని సూచిస్తుంది. కాబట్టి దవడను కొలబద్దతో కొలిచి, అంకెతో పోల్చడం గుర్తింపులో తొలి పనులలో ఒకటి కావాలి. రెండూ కలవకపోతే అది లోపం కాదు, ఆధారం.

ఈ విషయం తెలుగు ప్రాంతాలకు పరాయిది కాదు. హైదరాబాదు సంస్థానంలో 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకు అదే మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారైనవి. బ్రిటిష్ వాహనాలతో బ్రిటిష్ మరచుట్లు, వాటితో బ్రిటిష్ పానాలు రావడం అనివార్యం. 1956 చట్టం తరువాత భారతదేశం 1958 నుంచి మెట్రిక్ కొలతలకు మారింది. అయినా పాత యంత్రాలు ఒక్క రోజులో మాయం కాలేదు కనుక విట్‌వర్త్, అంగుళం, మిల్లీమీటరు కొలతలు ఒకే పెట్టెలో కలిసి ఉండవలసి వచ్చింది. ఇలాంటి పెట్టె దొరికినప్పుడు దానిని విడదీసి ‘మంచివి’ ఏరుకోవడం పెద్ద నష్టం. ఏ కొలత పానాలు ఎక్కువగా అరిగాయో ఆ మెకానిక్ ఏ దేశపు వాహనాలపై ఎక్కువగా పనిచేశాడో చెప్పగల ఆధారం ఆ కూర్పులోనే ఉంటుంది.

భాషా పరిశోధకులకూ ఇందులో పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వెలువడింది. మోటారు షెడ్డుల పదజాలానికి కూడా అలాంటి శ్రద్ధ అవసరం. పానా, రింగు పానా, రెంచి, పైపు రెంచి, జాకీ అనే మాటలు ఏ పనిముట్టుకు ఏ ఊళ్లో వాడుతున్నారో నమోదు చేయాలంటే ముందు పనిముట్టు ఏదో స్పష్టంగా గుర్తించగలగాలి.

5. లోహం, పూత, యుద్ధం

అక్షరాలు లేని పానా కూడా మూగది కాదు. పోత ఇనుముతో చేసిన దానికి ఉపరితలం గరుకుగా, అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి. డై పోతలో ఎర్రగా కాల్చిన ఉక్కు కడ్డీని కింది అచ్చుపై ఉంచి, పై అచ్చు బిగించిన బరువైన సమ్మెటను దానిపై పడవేస్తారు. అచ్చుల నడుమ నుంచి అంచున పొంగిన లోహాన్ని కత్తిరిస్తారు. ఆ కత్తిరింపు గీత పానా పక్క అంచు వెంట మిగులుతుంది. దానిని నున్నగా సానపట్టారా, గరుకుగా వదిలేశారా అన్నది సరుకు తరగతిని చెబుతుంది. హార్ట్‌ఫర్డ్ నగరపు బిల్లింగ్స్ అండ్ స్పెన్సర్ ఈ పద్ధతిని అమెరికాలో వ్యాప్తి చేసిన తొలి సంస్థలలో ఒకటి. త్రికోణంలో ‘బి’ అక్షరం దాని ముద్ర.

ఈ పద్ధతి తెలిస్తే అక్షరాల తీరు కొత్త అర్థం ఇస్తుంది. ఉబ్బెత్తు అక్షరాలు అచ్చులోనే చెక్కినవి. ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి పానాకూ అవి ఉంటాయి. లోతైన అక్షరాలు తరువాత పంచితో కొట్టినవి కావచ్చు. ఒకే పానాపై ఉబ్బెత్తు గుర్తు ఒకటి, లోతు పేరు మరొకటి ఉంటే, మొదటిది పోతపోసిన వాడిది, రెండోది అమ్మినవాడిది అని అనుమానించడం సబబు.

పూత విషయం ఇంకా సూటిగా ఉంటుంది. తొలి మెరుగు పనిముట్లకు నికెల్ పూత ఉండేది. క్రోమియం పూత వ్యాపార స్థాయిలో ఆచరణకు వచ్చింది 1920ల నడిమి కాలంలో. కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్ చేసిన పరిశోధన దానికి దారితీసింది. అందువల్ల తళతళలాడే నీలిఛాయ గల పూత ఉన్న పానా 1920ల చివరి కన్నా ముందుది కాదు, లేదా దానికి తరువాత ఎవరో కొత్త పూత వేయించారు. క్రోమ్ వెనేడియం అనే మాట గొప్పగా చాటుకునే పానాలు కూడా ఎక్కువగా 1920ల నుంచి కనిపిస్తాయి. అంతకు ముందు వెనేడియం ఉక్కుకు జనంలో పేరు తెచ్చినది ఫోర్డ్ మోడల్ టి కారు.

యుద్ధం ఈ మెరుపును తుడిచేసింది. అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగాక క్రోమియం, నికెల్ ఆయుధాలకు కేటాయించిన లోహాలయ్యాయి. 1942 నుంచి 1945 వరకు పనిముట్లు మసక కాడ్మియం పూతతోనో, నల్లని ఆక్సైడు పొరతోనో, అసలు పూతే లేకుండానో వచ్చాయి. ప్లాంబ్ సాకెట్లపై కనిపించే ‘డబ్ల్యు.ఎఫ్.’ అనే అక్షరాలను సేకర్తలు యుద్ధకాలపు పూతకు సంక్షేపంగా వివరిస్తారు. అలాంటి సాకెట్టు ఒకటి చేతికొచ్చిందనుకుందాం. పేరు ఒక్కటే చూస్తే 1907కు, 1940ల చివరకు నడుమ అని మాత్రమే చెప్పగలం. మసక పూత, ఆ రెండు అక్షరాలు కలిస్తే ఆ నలభై ఏళ్ల వ్యవధి మూడు నాలుగేళ్లకు కుదిస్తుంది. ఎవరైనా దానిని ‘బాగుచేసి’ కొత్తగా క్రోమియం పూత వేయిస్తే ఆ కాలం మళ్లీ చెదిరిపోతుంది.

కొన్ని కంపెనీలు ఈ శ్రమ తప్పించాయి. 1920లో మిల్వాకీలో మొదలైన స్నాప్-ఆన్ సంస్థ ఐదు పిడులకు పది సాకెట్లు మార్చిమార్చి తగిలించుకునే ఆలోచనతో పుట్టింది. 1927 నుంచి అది తన సరుకుపై ఏడాదికో సంకేతం వేసింది. ఆ సంకేతాలు చిన్నవి, ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. దశాబ్దాలు గడిచేసరికి మామూలు అంకెలే కొద్ది మార్పులతో మళ్లీ వచ్చాయి. సంకేతంతో పాటు ముద్ర ఆకృతినీ చూడాలి. దిగుమతి సరుకుపై దేశం పేరు కూడా పనికివచ్చే ఆధారమే. ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే 1949కి, 1990కి నడుమ, ‘ఆక్రమిత జపాన్’ అని ఉంటే 1945కి, 1952కి నడుమ అని వేరే చెప్పనక్కరలేదు.

6. తుప్పు, శుభ్రత, నకిలీలు

పైన చెప్పిన ఆధారాలలో చాలా భాగం పానా ఉపరితలంపై వెంట్రుకవాసి మందంలో ఉన్నాయి. మోటారుకు తగిలించిన తీగల చక్రం ఒక్క నిమిషం తాకితే లోతు తక్కువ ముద్రలు పోతాయి. యుద్ధకాలపు నల్లని పొరను తుప్పు అనుకుని గీకేయడం ఇంకా మామూలు. అందుచేత గుర్తింపు ముగిసిన తరువాతే శుభ్రత మొదలుకావాలి. చమురు మురికిని కిరోసిన్‌తో మెత్తగా తుడవడం వరకు ప్రమాదం లేదు. అక్షరాలు చదవడానికి దీపాన్ని పక్క నుంచి, దాదాపు పానా తలానికి సమాంతరంగా పట్టాలి. లోతు గుర్తులలో సుద్దపొడి నింపినా, పైన పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దినా కంటికి అందనివి బయటపడతాయి. శాసనాల అచ్చుతీత తెలిసినవారికి ఇది కొత్త విద్య కాదు.

తుప్పు ఎక్కువగా పట్టిన వాటికి చాకలి సోడా నీటిలో విద్యుద్విశ్లేషణ చేస్తారు. పానాను బ్యాటరీ రుణధ్రువానికి, ఒక పాత ఇనుప ముక్కను ధనధ్రువానికి కలుపుతారు. ఆ ముక్క స్టెయిన్‌లెస్ ఉక్కుది కాకూడదు. అందులోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి చేరే ప్రమాదం ఉంది. వెలువడే హైడ్రోజన్ వల్ల గాలి ఆడే చోటే ఈ పని చేయాలి. నికెల్, క్రోమియం పూతలు లేచిపోతున్న పానాలకు ఈ పద్ధతి తగదు. పూత పెచ్చులుగా రాలవచ్చు.

నకిలీల బెడద ధర ఎక్కువ పలికే పేర్ల చుట్టూ తిరుగుతుంది. తుపాకుల సంస్థ వించెస్టర్ మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఖాళీపడిన సామర్థ్యాన్ని వాడుకోవడానికి చేతిపనిముట్ల రంగంలోకి దిగి, 1920లలో సిమన్స్ హార్డ్‌వేర్‌తో జతకట్టింది. ఆ కలయిక దశాబ్దం కూడా నిలవలేదు. తుపాకీ అభిమానులు సైతం కొనుగోలుదారులు కావడంతో వించెస్టర్ పేరున్న పానాకు మామూలు పానా కన్నా ఎంతో ఎక్కువ ధర వస్తుంది. కాబట్టి పేరులేని పానాపై ఆ పేరు కొత్తగా కొట్టడం లాభసాటి అయింది. పట్టుకునే మార్గం లోహంలోనే ఉంది. పాత ముద్ర లోపల కూడా పైన ఉన్నంత తుప్పు, అదే రంగు ఉండాలి. తుప్పు గుంటను చీల్చుకుంటూ అక్షరం పోతే, తుప్పు తరువాత ముద్ర పడిందన్న మాట. పంచి దెబ్బకు అక్షరం చుట్టూ లేచిన సన్నని అంచు వాడకంలో అరిగి ఉండాలి. అది వేలికి పదునుగా తగిలితే ముద్ర వయసు పానా వయసు కాదు.

నమోదులో పానా పొడవు, దవడల వెడల్పు, రెండు వైపులా ఉన్న గుర్తులన్నీ ఉన్నవి ఉన్నట్లుగా, చదవలేని అక్షరం స్థానంలో ఖాళీ వదిలి రాయాలి. ఊహించిన అక్షరాన్ని ఊహగానే చూపాలి. ‘తయారీదారు’, ‘పేరు’ అనే రెండు గడులు వేరువేరుగా ఉండాలి. కాలాన్ని ఒక్క ఏడాదిగా కాక కింది హద్దు, పై హద్దులుగా, ప్రతి హద్దుకూ ఆధారం ఏదో తెలుపుతూ రాస్తే తరువాతి పరిశోధకుడు సరిచేయగలుగుతాడు. ఎక్కడ దొరికింది, దానితో పాటు ఇంకేమి దొరికాయి అన్న వివరం కొన్న రోజునే రాసుకోకపోతే మళ్లీ దొరకదు.

చివరిగా, పిడి మీద వంకరటింకరగా పంచితో కొట్టిన పొడి అక్షరాలు, ఆకురాయితో గీసిన గాట్లు, రంగు మరకలు ఉంటాయి. వ్యాపారి దృష్టిలో అవి ధర తగ్గించే మచ్చలు. ఉమ్మడి కార్ఖానాలో తన పానా ఇతరుల వాటితో కలిసిపోకుండా ఒక కార్మికుడు చేసుకున్న గుర్తులవి. అచ్చువేసిన సూచికలు పానా చేసిన కంపెనీని చెప్పగలవు, అమ్మిన వర్తకుడిని చెప్పగలవు. దానిని ముప్పై ఏళ్లు తిప్పిన మనిషి గురించి మిగిలిన రాత ఆ రెండు అక్షరాలే కావచ్చు. నమోదు పత్రంలో వాటికి ఒక గడి, వాటిని సానబట్టకూడదన్న సూచన తప్పక ఉండాలి.